రొట్టెల పొయ్యి మీది ఫ్లెక్సీ, న్యూయార్క్‌లోని మన కార్యాలయం

మెహదీపట్నంలో మా సందు మొదట్లో సాయంత్రం ఆరయ్యేసరికి ఒకావిడ కట్టెల పొయ్యి రాజేసి జొన్న రొట్టెలు చేయడం మొదలుపెడుతుంది. పిండిని వేడినీళ్లతో కలిపి, అంచు పగలకుండా తిప్పుతూ అరచేత్తో తట్టి, పెనం మీద పడీపడగానే పైభాగాన్ని తడిబట్టతో తుడిచే ఆవిడ పనితనం చూస్తూ నా వంతు కోసం నిలబడడం నాకు అలవాటు. ఎండకూ వానకూ అడ్డంగా ఆవిడ కట్టుకున్నది ఒక పాత ఫ్లెక్సీ. రంగు వెలిసిన ఆ ఫ్లెక్సీ మీద, తలకిందులుగా, ‘అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం 2023’ అన్న అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. "అక్కా, దాని మీద ఏముందో తెలుసా?" అని ఒకరోజు అడిగాను. "నాకేం ఎర్క సార్, మా తమ్ముడు తెచ్చిచ్చిండు. వాన ఆగుతున్నది గదా" అంది.

ఆ మాటలు ఆ ఫ్లెక్సీ మీదికి రావడానికి పట్టిన కాలాన్ని, తిరిగిన దారిని తలచుకుంటే, డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పిన రోజుల్లో దౌత్యం గురించి నేను చెప్పినవి ఎంత పొడిపొడిగా ఉండేవో ఇప్పుడు తెలుస్తున్నది. భారతదేశం ఈ ప్రతిపాదనను మొదట రోమ్‌లోని ఆహార, వ్యవసాయ సంస్థ ముందుంచింది. ఆ సంస్థ మండలి 2018 చివరలో, దాని మహాసభ 2019లో ఒప్పుకున్న తరువాతనే విషయం న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి చేరింది. అక్కడ మన శాశ్వత ప్రతినిధి కార్యాలయం బంగ్లాదేశ్, కెన్యా, నేపాల్, నైజీరియా, రష్యా, సెనెగల్ దేశాలను వెంట కలుపుకొని ముసాయిదా పెట్టింది. డెబ్బైకి పైగా దేశాలు దాన్ని బలపరిచాయి. 2021 మార్చి 3న సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో ఆమోదించింది. ఆ రోజు సభకు వచ్చిన ప్రతినిధులకు మనవాళ్లు చిరుధాన్యాల మురుకులు పంచిపెట్టారట. దౌత్య చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి.

ఏకాభిప్రాయం అన్న మాట వినడానికి సులువుగా ఉంటుంది. ముసాయిదాను పేరా పేరాగా చదువుతారు. ఒక దేశపు చిన్న అధికారి ఒక విశేషణం తీసేయమంటాడు, మరొకరు వ్యాపారం అన్న మాట దగ్గర ఆగిపోతారు, ఇంకొకరు తమ రాజధానిని అడిగి చెబుతామంటారు. అలా వారాల తరబడి నడిచిన తరువాత, ఎవరూ చెయ్యెత్తి వద్దనని రూపానికి కాగితం వచ్చి చేరుతుంది. ఇంతా చేసి ఆ తీర్మానంలో ఎవరికీ రూపాయి కేటాయింపు లేదు. అయ్యే ఖర్చులన్నీ స్వచ్ఛంద విరాళాల నుంచే భరించాలని అందులోనే రాశారు. ఏ దేశమూ జొన్న పండించి తీరాలన్న నిర్బంధమూ లేదు. దీన్ని చూసి ఉత్త కాగితం అని నవ్వేవారున్నారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే. అయితే పటాన్‌చెరులో 1972 నుంచి జొన్న, సజ్జ విత్తనాల మీద పనిచేస్తున్న అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధనా సంస్థ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటకు, పేరు పెట్టి పిలవడానికి ఒక సంవత్సరం దొరికింది. ప్రభుత్వాల మధ్య ఒక పంటకు గౌరవం దక్కాలంటే మొదట అది ఏదో ఒక కార్యసూచిలోకి ఎక్కాలి. ఆ ఎక్కించే పనే న్యూయార్క్‌లోని మన కార్యాలయానిది.

రాయబార కార్యాలయానికీ శాశ్వత ప్రతినిధి కార్యాలయానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మొదటిది ఒక దేశంతో మాట్లాడుతుంది. రెండవది ఒకే భవనం చుట్టూ మిగతా 192 సభ్యదేశాలతో మాట్లాడుతుంది. అక్కడ మాట చెల్లాలంటే పెద్ద దేశాల దగ్గర ఎంత పలుకుబడి ఉందన్నది ఒక్కటే చాలదు, చిన్న ద్వీప దేశపు ప్రతినిధి ఫోను ఎత్తుతాడా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2017లో భారత్ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి భాగస్వామ్య నిధిని నెలకొల్పడం ఉదారతే కావచ్చు, కానీ ఆ ఫోను ఎత్తించే ఉపాయం కూడానని నా అనుమానం. అదే ఏడాది నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో దల్వీర్ భండారీకి సర్వప్రతినిధి సభలో 183 ఓట్లు వచ్చాయి. భద్రతా మండలిలో బ్రిటన్ అభ్యర్థి వైపు మొగ్గు ఉన్నా, సభలో చిన్న దేశాల ఓట్లు కదలకుండా నిలబడడంతో చివరికి బ్రిటనే తప్పుకుంది. అప్పుడు మన శాశ్వత ప్రతినిధి హైదరాబాదుకు చెందిన సయ్యద్ అక్బరుద్దీన్. ఊరి అభిమానం కొద్దీ ఇంకొకటి చెబుతాను: న్యూయార్క్ 43వ వీధిలో మన కార్యాలయానికి రూపకల్పన చేసిన ఛార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో పుట్టారు. ఇక్కడి ఈసీఐఎల్ కార్యాలయ భవనమూ ఆయన గీసిందే.

ఇక బహుపాక్షిక సహకారం పట్ల మన నిబద్ధత అనే మాటకు వస్తే, ఉపన్యాసాలలో వినిపించినంత నునుపుగా అది లేదు. న్యూయార్క్‌లో జొన్నల కోసం దేశాలను కూడగట్టిన మనమే, 2014 జూలైలో జెనీవాలో బియ్యం, గోధుమల కోసం ఒంటరిగా నిలబడినంత పని చేశాం. ఆహార ధాన్యాల ప్రభుత్వ నిల్వలకు రక్షణ తేలేదాకా సరిహద్దుల్లో సరుకుల రాకపోకల్ని సులువు చేసే వాణిజ్య సౌలభ్య ఒప్పందపు పత్రాన్ని ఆమోదించబోమని ప్రపంచ వాణిజ్య సంస్థలో పట్టుబట్టాం. గడువు దాటిపోయింది. మనల్ని ఆటంకవాదులన్నారు. మద్దతు ధరతో ఇచ్చే సాయం ఉత్పత్తి విలువలో పది శాతం మించరాదన్న పరిమితిని 1986-88 నాటి ధరలతో లెక్కకట్టే నిబంధన మీద మన అభ్యంతరం న్యాయమైనదేనని నా అభిప్రాయం. రేషన్ దుకాణం ముందు నిలబడిన వాళ్లెవరికీ దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నవంబరులో రాజీ కుదిరింది. శాశ్వత పరిష్కారం మాత్రం ఇప్పటికీ రాలేదు.

అయితే నన్ను ఇబ్బంది పెట్టే సంగతి వేరే ఉంది. తెలంగాణ పల్లెల్లో జొన్నను వెనక్కి నెట్టిన కారణాలలో జెనీవాలో మనం కాపాడుకున్న ఆ వ్యవస్థ కూడా ఒకటి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టలేను. కానీ తెల్లన్నం ఇంటింటికీ చేరి, బోర్ల కింద వరికి ప్రభుత్వ కొనుగోలు భరోసా దొరికాక, జొన్న గట్క తినేవాళ్లు బీదవాళ్ల కింద లెక్కకు వచ్చారు. మన కార్యాలయాలు జెనీవాలో వరిని, న్యూయార్క్‌లో జొన్నను నెత్తిన పెట్టుకున్నాయి. రెండూ దేశం మాటే. దౌత్యవేత్తలు ఢిల్లీ చెప్పింది చెబుతారు, ఢిల్లీ లోపలి పేచీని వాళ్లు తీర్చలేరు.

హైదరాబాదువాడికి ఈ ఐక్యరాజ్యసమితి వ్యవహారాన్ని పూర్తి భక్తితో చూడడం కష్టం, ఎందుకంటే మన ఊరు ఒకసారి అక్కడ కేసై నిలబడింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని చేపట్టినప్పుడు మొయిన్ నవాజ్ జంగ్ హైదరాబాదు పక్షాన మాట్లాడారు. భారత్ తరఫున మాట్లాడిన రామస్వామి ముదలియార్, మూడేళ్ల కింద శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద భారత్ తరఫున సంతకం చేసిన మనిషి. హైదరాబాదు ఒక రాజ్యమే కాదని, కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు దానికి లేదని ఆయన వాదం. మరునాడే ఇక్కడ నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 22న ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్టు తంతి కొట్టాడు. మండలి దాన్ని చివరిసారిగా 1949 మే 24న చర్చించింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి, తన ముందున్న విషయాలంటూ మండలి వెలువరించే జాబితాలో ‘హైదరాబాదు ప్రశ్న’ అన్న పంక్తి ఆ మొదటి, చివరి చర్చల తేదీలతో సహా కనిపిస్తూనే వచ్చింది.