ఖాళీ స్లైస్‌లో ఏముంటుంది? నా అనుభవం

పర్లాకిమిడిలో మా మావయ్యది జీడిపిక్కల వ్యాపారం. ఏ ఊరి నుంచి ఎన్ని బస్తాలొచ్చాయో ఫోన్‌లో చూసుకునేలా ఆయనకి గో భాషలో ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాను. సరుకు రాని రోజు ఏం చూపిస్తుందో ముందే పరీక్షిస్తే, జేసన్‌లో (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం) ఒకచోట ఖాళీ బ్రాకెట్లు, ఇంకోచోట నల్, అంటే 'విలువే లేదు' అనే గుర్తు, వచ్చాయి. రెండు లిస్టుల్లోనూ ఒక్క బస్తా లేదు. పొడవు అడిగితే రెండూ సున్నా అనే చెబుతున్నాయి. మరి తేడా ఎక్కడ?

మెమరీలోనే చూద్దామని కూర్చున్నాను. గోలో ఇలాంటి లిస్టుని స్లైస్ అంటారు. మెమరీలో అది మూడు గడులు: డేటా ఉన్న చోటు చూపే పాయింటర్, పొడవు, ఆ చోటులో మొత్తం ఎన్ని పడతాయో చెప్పే కెపాసిటీ. 64 బిట్ కంప్యూటర్‌లో గడికి 8 బైట్లు, మొత్తం 24. లోపల ఏమీ లేకపోయినా ఆ 24 ఉంటాయి. పేరు ప్రకటించి, విలువ ఇవ్వకుండా వదిలేసిన స్లైస్‌లో మూడు గడులూ సున్నాలే. అది నిల్ స్లైస్. ఖాళీ బ్రేసులతో రాసినదానిలో పాయింటర్ మాత్రం సున్నా కాదు. అడ్రసులు ప్రింట్ చేసి చూశాను: వేరువేరు ఖాళీ స్లైసులన్నీ ఒకే చోటుని చూపిస్తున్నాయి! సున్నా సైజున్న వాటికి విడివిడిగా చోటు ఎందుకని, గో రన్‌టైమ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెమరీ చూసుకునే భాగం) సాధారణంగా వాటికి జీరోబేస్ అనే ఒకే అడ్రసు ఇస్తుంది. ఎంత పొదుపైన ఏర్పాటో!

లిస్టు చివర చేర్చే అపెండ్, లూప్ లాంటివాటికి ఈ తేడా పట్టదు, నిల్ అయినా హాయిగా నడుస్తాయి. జేసన్ మాత్రం పట్టించుకుంటుంది: నిల్ స్లైస్‌ని నల్ అని, ఖాళీదాన్ని ఖాళీ బ్రాకెట్లుగా రాస్తుంది. ఇక సున్నా పొడవు అర్రేకి (అర్రే అంటే పొడవు మారని లిస్టు) ఈ గడులేవీ లేవు. పొడవు దాని టైప్‌లోనే ఉంటుంది, సైజు సున్నా బైట్లు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది మూడో రకం ఖాళీ. నిండిన స్లైస్‌ని సున్నా వరకు కోస్తే పొడవు సున్నా అవుతుంది గానీ పాయింటర్, కెపాసిటీ అలాగే ఉంటాయి. కింద డేటా ఉన్న పాత అర్రే మొత్తం బతికే ఉంటుంది, అందులోని ఊళ్ల పేర్లని కూడా వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ముట్టుకోదు. రోజూ అదే చోటు వాడుకోవాలంటే ఇది చాలా మంచిది. పాత విలువలు పోవాలంటే కోసే ముందే, 2023లో గో 1.21తో వచ్చిన క్లియర్‌తో తుడవాలి. మెమరీనే వదిలేయాలంటే నిల్ పెట్టాలి.

ఇదంతా అయ్యాక మావయ్యకి ఫోన్ చూపించాను. ఖాళీ పేజీ చూసి, "సరుకు రాలేదా అల్లుడూ, లెక్క రాయలేదా? రెండూ ఒకటి కాదు కదా" అన్నారు. నిల్‌కి ఒక అర్థం, ఖాళీకి ఇంకో అర్థం ఇచ్చేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. నేనొప్పుకోను. తర్వాత కోడ్ చదివేవాళ్లకి కనపడని తేడా మీద వ్యాపారం లెక్క నిలబెట్టకూడదు. అందుకే జేసన్‌లో ఎప్పుడూ ఖాళీ బ్రాకెట్లే వెళ్లేలా చేసి, "లెక్క రాశారా" అన్నదానికి విడిగా అవును, కాదు అనే ఫీల్డు పెట్టాను.