ఒక్క నిమిషంలో ఎన్ని జంతువులు?

మతిమరుపు మొదలైందేమోనని తీసుకొచ్చినవాళ్ళకి చేసే పరీక్షల్లో ఇది చాలా చిన్నది. ఒక్క నిమిషం టైమ్ ఇస్తాం. గుర్తొచ్చిన జంతువుల పేర్లన్నీ చెప్పాలి. లెక్కపెట్టి ఫారంలో అంకె వేస్తాం. స్పీచ్ థెరపిస్టుని కాబట్టి నాకిది రోజూ ఉండే పనే. అయినా విసుగు రాదు, ఎందుకంటే అంకె కన్నా వరస బాగుంటుంది.

పేర్లు చెల్లాచెదురుగా రావు, గుంపులుగా వస్తాయి. నాలుగైదు గబగబా చెప్పేసి ఆగుతారు, ఫ్యాను వంక చూస్తారు, మళ్ళీ ఇంకో గుంపు అందుకుంటారు. 1997లో మనస్తత్వవేత్త ఏంజెలా ట్రాయర్ బృందం గుంపునీ, గుంపు మారడాన్నీ విడిగా లెక్కపెట్టే పద్ధతి తెచ్చింది. ఒక గుంపులో ఎన్ని వచ్చాయన్నది కణతల దగ్గరి మెదడుకీ, గుంపు మారడం నుదుటి వెనక మెదడుకీ ముడిపడి ఉంటాయని వాళ్ళు చెప్పారు.

కర్నూలు వైపు నుంచి ఒక రైతు తాత వచ్చాడు. ఎద్దు, ఆవు, దూడ, బర్రె, దున్న, మేక, గొర్రె, పొట్టేలు అని కొట్టం మొత్తం తిరిగొచ్చాడు. ఆగాడు. వెనక నుంచి అవ్వ పెదవులతో ఏదో అందిస్తోంది (అలా చేయకూడదని ముందే చెప్తాం, ఎవరూ వినరు). తర్వాత అడవిపంది, జింక, ఎలుక, కోతి. జింక పక్కన ఎలుక ఏమిటనుకున్నాను. ఈ నాలుగూ చేను తినేవి! పులి, సింహం రానేలేదు. పరీక్షయ్యాక అడిగితే, "అవి నేనెప్పుడు చూస్తినమ్మా?" అన్నాడు. బైక్ మీంచి పడి తలకి దెబ్బ తగిలిన ఇంజనీరింగ్ కుర్రాడు పులి, సింహం, జిరాఫీతో మొదలుపెట్టాడు. ఆవు ఎక్కడో చివర్లో వచ్చింది.

మాటల అర్థాలు మన జ్ఞాపకంలో ఎలా అమరి ఉంటాయో చూపడానికి 1969లో కాలిన్స్, క్విలియన్ అనే పరిశోధకులు గీసిన బొమ్మలో జంతువు కింద పక్షి, దాని కింద కేనరీ పిట్ట, ఇలా అంతా చెట్టుకొమ్మల్లా ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ ఆ తాత వరస అందులో ఇమడదు. 1983లో మనస్తత్వవేత్త బార్సలూ చూపించినవి దీనికి దగ్గర. ఇల్లు తగలబడుతుంటే బయటికి తెచ్చుకోవలసిన వస్తువులు ఏవంటే, అప్పటికప్పుడు, అవసరాన్ని బట్టి ఒక వర్గం కట్టేస్తాం. తాతకి మాత్రం చేను తినేవి అప్పటికప్పుడు కట్టినవి కావు, ఏళ్ళ తరబడి తోలి తోలి స్థిరపడిపోయినవి.

వర్గాలు ఉన్నాయనడానికి గట్టి సాక్ష్యం అవి ఊడిపోయినప్పుడే దొరుకుతుంది. 1984లో వారింగ్టన్, షాలిస్ అనే మనస్తత్వవేత్తలు వివరించిన రోగులకి హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చింది. వాళ్ళలో ఒకాయన దిక్సూచి దేనికో చక్కగా చెప్పాడు, చిలక అంటే మాత్రం తెలియదన్నాడు. ప్రాణుల పేర్లకే దెబ్బ అనుకుందామంటే ఆయనకి సంగీత వాయిద్యాలూ చిక్కే, శరీర భాగాలు మాత్రం నయం. చూపుతో, రుచితో పోల్చుకునేవి ఒక తీరుగా, వాడుకతో తెలిసేవి ఇంకో తీరుగా నిలవ ఉంటాయని వాళ్ళ ఊహ. దీనిమీద ఇప్పటికీ వాదనలున్నాయి. నాకైతే సబబుగానే తోస్తుంది.

ఫారంలో వరస రాయడానికి గడి లేదు. వెనక్కి తిప్పి రాసుకుంటున్నాను.