పదకొండా, ముప్పైమూడా?

మూడు వారాలు కూర్చుని నేను రాసిన వెబ్ సర్వీసు మా ఊరి పేరు కూడా పూర్తిగా పలకలేకపోయింది. "పర్" అని, పక్కన నల్లటి వజ్రంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. సరిహద్దుకు అవతల పాతపట్నం, ఇవతల మేము. మా మేనమామది కిరాణా టోకు వ్యాపారం. పాతపట్నం వైపు వర్తకులూ, కాశీనగర్ వైపు వర్తకులూ ఆయన దగ్గర సరుకు అప్పుమీద తీసుకువెళతారు. ఎవరి బాకీ ఎంతో వాళ్లే ఫోనులో చూసుకునే ఏర్పాటు చెయ్యమన్నాడు. పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ కనిపించాలి, అది షరతు.

మొదటి రెండు వారాలు వీడియో పాఠాలకు సమర్పించుకున్నాను. పాఠంలో ఉన్న లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడు) ఒక వెర్షన్, నా దగ్గరకు వచ్చేది మరొకటి. పాఠం చెప్పే ఆయన టైపు చేస్తే నడిచేది, నేను టైపు చేస్తే ఎర్ర అక్షరాలు. ఆ పైన వానాకాలం, నెట్ ఉన్నప్పుడు ఉంటుంది. చివరికి నేను రాస్తున్న ప్రోగ్రామింగ్ భాష పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకున్నాను. దేవ్‌డాక్స్ అనే సైటులో హెచ్‌టీటీపీ (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి), జావాస్క్రిప్ట్ పుటలను కూడా నెట్ లేకుండా చదువుకునేలా దాచుకోవచ్చు. వాటి ఇంగ్లీషు నాకు నిదానంగా ఎక్కింది కానీ, ఎక్కింది నిలిచింది.

సగం పని ముందే చేసిపెట్టే పెద్ద ఫ్రేమ్‌వర్కులు పక్కన పెట్టి, పైథాన్‌తోపాటే వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్‌తో మొదలుపెట్టాను. అసలు వాడకానికి ఇది పనికిరాదని దాని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు, ఎందుకంటే జవాబు రకం, పొడవు లాంటివి ముందుగా చెప్పే వరుసలను, అంటే హెడర్లను, మన చేత్తోనే రాయాలి. మామయ్యకు ఇదంతా గోదాముకు చీటీ పంపడంలా చెప్పాను. సర్వర్ జవాబుతో పంపే అంకెల్లో 200 అంటే సరుకు వచ్చింది, 404 అంటే ఆ సరుకు అక్కడ లేదు, 400 అంటే మనం రాసిన చీటీయే తప్పు, 500 అంటే చీటీ బాగానే ఉంది, గోదాములోనే ఏదో కూలింది. ఆయనకు వెంటనే అర్థమైంది. నాకే ఇంకా కాలేదు.

ఇంగ్లీషులో ఊరి పేరు పంపితే చక్కగా వచ్చింది. తెలుగులో పంపితే మొదట వచ్చింది తలమీద గీత ఉన్న లాటిన్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే వరస. ఇది తొందరగానే తేలింది. జవాబు రకం చెప్పే కంటెంట్-టైప్ హెడర్‌లో యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) అని చెప్పలేదు, బ్రౌజరు తనకు తోచినట్టు చదువుకుంది. అది దిద్దాక అక్షరాలు తెలుగులోకి వచ్చాయి గానీ "పర్" దగ్గర ఆగిపోయాయి.

"గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరురా ఇది. ఊరి పేరు సగమే రాస్తావా?" అన్నాడు మామయ్య.

రెండు రోజులు ఫాంటును అనుమానించాను, డేటాబేసును అనుమానించాను, ఒత్తునూ అనుమానించాను. బ్రౌజరు వదిలి కర్ల్ పట్టుకున్నాక దారి దొరికింది. 1998 నుంచి ఆ పేరుతో ఉన్న పనిముట్టు అది. టెర్మినల్‌లో ఒక్క వరుస కొడితే సర్వర్ పంపిన హెడర్లను ఉన్నవి ఉన్నట్టు ముందు పరుస్తుంది. అందులో కంటెంట్-లెంగ్త్, అంటే జవాబు పొడవు, 11 అని ఉంది. పర్లాకిమిడి మన కంటికి ఐదు అక్షరాలు: ప, ర్లా, కి, మి, డి. అన్ని లిపుల గుర్తులకూ తలా ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ లెక్కలో గుడి, దీర్ఘం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వచ్చి 11 అవుతాయి. యూటీఎఫ్-8లో వాటిలో ఒక్కొక్కటీ మూడు బైట్లు, అంటే తీగ మీద వెళ్లేవి 33. కంటెంట్-లెంగ్త్ కొలిచేది బైట్లనే. నేను 11 అని చెప్పాను కాబట్టి బ్రౌజరు పదకొండు బైట్లు చదివి తలుపు వేసేసింది. తొమ్మిది బైట్లతో ప, ర, పొల్లు పూర్తయ్యాయి. మిగిలిన రెండూ విరిగిన 'ల'. ఆ నల్ల వజ్రం అదే.

దిద్దుబాటు ఒక్క వరుస. వాక్యాన్ని ముందు బైట్లుగా మార్చి, ఆ తరువాత పొడవు కొలవాలి. ఇంగ్లీషులో ఊరి పేరుకు అక్షరాలు పదమూడు, బైట్లూ పదమూడే, అందుకే అక్కడ తప్పు బయటపడలేదు. నేను చూసిన పాఠాల్లో ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే, ఇక ఎవరికి తెలుస్తుంది? ఒడియా అక్షరాలూ మూడేసి బైట్లే కావడంతో ఆ పేర్లు కూడా అదే దిద్దుబాటుతో కుదురుకున్నాయి.

ఆ తరువాత ఫాస్ట్ఏపీఐ అనే పైథాన్ ఫ్రేమ్‌వర్కుకు మారాను. పొడవు లెక్క అదే చూసుకుంటుంది, ఏ చిరునామాకు ఏమి పంపాలో చెప్పే పుటను కూడా అదే తయారుచేసి పెడుతుంది. బాకీల పట్టిక ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసులో ఒక్క ఫైలుగా ఉంది. కర్ల్ మాత్రం వదల్లేదు.

ఊరి పేరు పూర్తిగా వచ్చిన సాయంత్రం ఫోను తీసుకెళ్లి మామయ్యకు చూపించాను. కళ్లజోడు పైకి జరిపి రెండుసార్లు చదివాడు.

"బాగుంది. మరి బాకీలెక్కడ?"