తాళం లేని గుడిసె

మా వాడు గీసిన గుడిసెకు తాళం లేదు. పెట్టమన్నాను. పెట్టనన్నాడు. ఈ జూన్‌లో, ములుగు రోడ్డు మీదున్న మా ఊళ్లో, బాపు కట్టిన ఇంటి అరుగు మీద కూర్చున్నప్పటి మాట ఇది.

వాడికి పదమూడేళ్లు. ఫిన్లాండ్‌లోని ఔలులో పుట్టి పెరిగాడు. ఆ దేశపు ఉత్తరాన మంచు ప్రాంతమైన లాప్‌లాండ్‌లో రోడ్డుకు చాలా దూరంగా, స్కీల మీద, అంటే కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే పొడవాటి పలకల మీద వచ్చేవాళ్లు రాత్రి తలదాచుకునే ఉమ్మడి గుడిసె ఒకటి గీయమని బడిలో చెప్పారు. సెలవులిచ్చినా ఆ నోటుబుక్కు వదల్లేదు. ఇక్కడి ఉక్కపోతలో ఫ్యాన్ కింద కూర్చుని మంచు బరువు లెక్కలు వేశాడు. గాలికి గట్టిపడిన మంచు ఘనమీటరుకు 300 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతుందట, అందుకని కప్పు బాగా ఏటవాలు. గుడిసెను దుంగల మీద ఎత్తుగా నిలబెట్టాడు. కింద గాలి ఆడితే మంచు పేరుకోదు, చెక్కకు చెమ్మ పట్టదు, ఎప్పుడైనా విప్పి తీసేసినా నేలకు మచ్చ మిగలదు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బయటికి తెరుచుకునేదైతే, రాత్రికి రాత్రి ముందర మంచు పడితే లోపలివాళ్లు బయటికి రాలేరు. తలుపు దాటగానే చిన్న అర్ర, స్కీలు పెట్టి బట్టల మీది మంచు దులుపుకోవడానికి. చలి కూడా చాలావరకు అక్కడే ఆగుతుంది. ఆపైన ఒకటే గది, ఒకటే పొయ్యి, అందరూ పక్కపక్కన పడుకునే చెక్క అరుగు. గది పెద్దదైతే కట్టెలు ఎక్కువ కావాలి, వాటిని అంత దూరం ఎవరు మోస్తారు అంటాడు.

మధ్యలో ఒకరోజు పాలంపేట తీసుకెళ్లాను. 1213లో కట్టడం మొదలుపెట్టిన రామప్ప గుడి చూపించి, కాకతీయుల గురించి చెప్పాలని నా ఆశ. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని వినగానే "అంటే పైన బరువు తగ్గించారు" అని నోటుబుక్కు తీశాడు. గుడి కింద ఇసుక నింపిన పునాది ఉందంటే ఇంకా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రాజుల పేర్లు ఒక్కటీ అడగలేదు. నాకు మనసు చిన్నబోయింది. వాడు ఆ గుడిని నాకంటే శ్రద్ధగా చూశాడని రాత్రి పడుకున్నాక గాని తట్టలేదు.

ఇక తాళం సంగతి. అలాంటి గుడిసెల్ని అక్కడ ఔతియోతుప అంటారు. చాలావాటిని ప్రభుత్వ అటవీ సంస్థ చూసుకుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, తాళం ఉండదు, ఒకటి రెండు రాత్రులకు మించి ఉండకూడదు. వెళ్లేముందు ఊడ్చి, కట్టెలు కొట్టి, తర్వాత వచ్చేవాళ్లు వెంటనే పొయ్యి వెలిగించుకునేలా సన్న పుల్లలు పెట్టి పోవాలి. చోటు చాలకపోతే ముందే వచ్చి సేదదీరినవాళ్లు లేచి, ఆఖరున వచ్చినవాళ్లకు చోటివ్వాలి. ఈ పద్ధతి మొదటిసారి విన్నప్పుడు నాకు అన్యాయమనిపించింది. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటూ పెరిగినదాన్ని. ఆఖరున వచ్చినవాళ్లే ఎక్కువ అలసి, ఎక్కువ చలిలో వచ్చి ఉంటారని వాడు చెప్పాల్సి వచ్చింది.

"సామాను ఎవరన్నా ఎత్తుకపోతే?" అన్నాను.

"ఏముందమ్మా లోపల? కట్టెలు, పొయ్యి. ఎత్తుకపోతే తర్వాతొచ్చినోళ్లు చచ్చిపోతరు. అది అందరికీ తెలుసు."

కాసేపాగి అడిగాడు, "మరి తాత ఇంటికి ఎందుకు తాళం?"

బాపు పోయి మూడేళ్లు. ఆ తాళంచెవి ఔలులో మా వంటింటి సొరుగులో ఉంటుంది. నా చిన్నప్పుడు, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతరకు ఎడ్లబండ్లు మా ఇంటి ముందునుంచే పోయేవి. రాత్రి దిగినవాళ్ల కోసం బాపు అరుగు కడిగించి, కుండల్లో నీళ్లు నింపించి, కట్టెల మోపు ఒకటి గోడకు ఆనించి ఉంచేవాడు. ఎవరు, ఏ ఊరు అని అడిగింది నేను చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్లు అమ్మవార్ల బంగారం, అంటే బెల్లం, ఒక ముక్క నా చేతిలో పెట్టేవాళ్లు. ఇదంతా మా వాడికి వందసార్లు చెప్పాను, మన పద్ధతి ఇది అని. వాడు నమ్మాడు.

పిల్లలకు ఊరి సంగతులు చెప్పండి, వాళ్లే దగ్గరవుతారు అని తోటి తల్లులకు చెబుతూ ఉంటాను. ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా అనలేను. చెప్పినవన్నీ వాళ్లు గుర్తుపెట్టుకుని, మనం చేసేదాని పక్కన పెట్టి చూస్తారు. మూసి ఉన్న ఇల్లు చూపిస్తూ తెరిచి ఉన్న ఇంటి కథ చెప్పడం తప్పా? చెప్పకపోతే ఆ అరుగు సంగతి వాడికి ఎలా తెలుస్తుంది? నాకు తేలలేదు.

బయలుదేరే రోజు పక్కింటి కాకకు తాళంచెవి ఇచ్చాను. జాతరప్పుడే కాదు, ఎవరికి అవసరమున్నా అరుగు, ముందు గది తెరవమన్నాను. మా వాడు దొడ్లోంచి ఎండుపుల్లలు ఏరుకొచ్చి, కట్టగట్టి పొయ్యి పక్కన పెట్టాడు.

బాపు బట్టలు, కళ్లద్దాలు, ఆయన రాసుకున్న లెక్కల పుస్తకాలు ఉన్న అర్రకు మాత్రం నేను వేరే తాళం వేశాను. వేస్తుండగా వాడు చూశాడు, ఏమీ అనలేదు. ఆ చెవి నా సంచిలో ఉంది.