సెంటోస్ 7 ఖాళీ చేసిన కథ

2024 జూలై మొదటి వారంలో సెంటోస్ 7 అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న ఒక సర్వర్ మీద యమ్ అప్‌డేట్ (కొత్త ప్యాకేజీలు తెచ్చిపెట్టే కమాండ్) కొట్టాను. ఆ ప్యాకేజీలు ఎక్కడున్నాయో చెప్పే మిర్రర్‌లిస్ట్ డాట్ సెంటోస్ డాట్ ఆర్గ్ అనే హోస్టే దొరకడం లేదంది. ఇలాంటి పేర్లకు అడ్రస్ వెతికిపెట్టే మా డీఎన్ఎస్ పాడైందేమోనని పది నిమిషాలు అటు వెతికాను. అది శుభ్రంగా ఉంది. ఆ పేరునే తీసేశారు. జూన్ 30తో సెంటోస్ 7 గడువు తీరుతుందని, ఇక అప్‌డేట్లు రావని నాకు ముందే తెలుసు, క్యాలెండర్‌లో గుర్తు కూడా పెట్టుకున్నాను. గుర్తు పెట్టుకుని ఊరుకున్నాను, అంతే.

అప్పటికి దాని మీద పందొమ్మిది మెషీన్లు నడుస్తున్నాయి. పద్దెనిమిది వర్చువల్, ఒకటి మాత్రం ర్యాకులో ఉన్న పాత సర్వర్. బ్యాకప్‌లన్నీ చేరేది దాని దగ్గరికే. ఇన్నాళ్లూ ఎందుకు కదల్లేదని ఎవరైనా అడిగితే, ఫలానా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు 7 మీద తప్ప సపోర్ట్ ఇవ్వమన్నారని చెప్పేవాణ్ని. అది సగం సాకు. మిగతా సగం, ఎటు వెళ్లాలో మాకు తేలకపోవడం.

ఈ గొడవ మొదలైంది 2020 డిసెంబర్ 8న. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8 ఆయుష్షును, సెంటోస్‌ను నడిపించే రెడ్ హ్యాట్ సంస్థ 2021 డిసెంబర్ 31కి కుదించింది. ఇకపై సెంటోస్ స్ట్రీమ్ ఒక్కటే అంది. పాత సెంటోస్ రెడ్ హ్యాట్ అమ్మే లైనక్స్ వెనకాల నడిచే ఉచిత నకలు, స్ట్రీమ్ దానికి ఒకడుగు ముందు నడిచేది. సెంటోస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ వెంటనే పాత సెంటోస్ లాంటి నకలుగా రాకీ లైనక్స్ ప్రకటించారు. క్లౌడ్‌లైనక్స్ సంస్థ అలాంటిదే ఆల్మాలైనక్స్‌ను తెచ్చింది. మేం 7లో ఉన్నాం కాబట్టి మాకిదంతా పక్కింటి పంచాయితీ. పైసా కట్టకుండా ఏళ్ల తరబడి వాడుకున్నవాణ్ని, తిట్టే హక్కు నాకెంతుందో కూడా అనుమానమే. అయినా తిట్టాను.

2023 జూన్ 21న రెడ్ హ్యాట్ నుంచి మరో వార్త. ఇక బయటివాళ్లకు స్ట్రీమ్ సోర్స్ కోడ్ మాత్రమే, అసలు ఉత్పత్తి సోర్స్ కస్టమర్లకే. రాకీవాళ్లు వేరే దారుల్లో సోర్స్ తెచ్చుకుని తు.చ. తప్పని నకలుగానే ఉంటామన్నారు. ఆల్మావాళ్లు జూలై 13న ఆ పట్టు వదిలేశారు. రెడ్ హ్యాట్ మీద నడిచే ప్రోగ్రాం మా మీదా నడుస్తుంది, అంతవరకే మాట ఇస్తామన్నారు. మా టీమ్ డాక్యుమెంట్‌లో ఆ రోజే రాసేశాను: ‘ఆల్మా వద్దు, అది ఇక నకలు కాదు.’ ఈ వాక్యం గుర్తుంచుకోండి.

ఇక పని. ముందు రెపో ఫైళ్లను (ప్యాకేజీలు ఎక్కణ్నుంచి తేవాలో రాసి ఉండేవి) సెంటోస్ వాల్ట్ అనే పాత ప్యాకేజీల గిడ్డంగి వైపు తిప్పి యమ్‌కి ప్రాణం పోశాను. తర్వాత వర్చువల్ మెషీన్లను ఒక్కొక్కటిగా రాకీ 8కి లేపాలి. అందుకు వాడిన సాధనం ఎలివేట్. అది ఆల్మావాళ్లు నడిపే ప్రాజెక్టు, రాకీకి వెళ్లేవాళ్లకూ పనికొస్తుంది. వద్దని రాసినవాళ్ల నిచ్చెనే ఎక్కుతున్నానని అప్పుడు గమనించలేదు.

ఎలివేట్ లోపల ఉండేది లీప్ అనే అప్‌గ్రేడ్ ప్రోగ్రాం. అప్‌గ్రేడ్‌కి ముందు అది తనిఖీ చేసి రిపోర్టు ఇస్తుంది, అడ్డంకులుంటే అడుగు ముందుకు వేయనివ్వదు. మొదటి మెషీన్‌లో మూడు తగిలాయి. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) లాగిన్ ఉంచుతారో తీసేస్తారో కాన్ఫిగ్‌లో తేల్చి రాయమంది. పాటా ఏసీపీఐ అనే కెర్నల్ మాడ్యూల్ 8లో లేదు, దించేయమంది. లాగిన్లను తనిఖీ చేసే పాత పీఏఎం మాడ్యూల్ ఒకటి పోతుంది, సరేనని జవాబు ఫైల్‌లో రాసివ్వమంది. మూడూ తీర్చి, స్నాప్‌షాట్ (చెడితే వెనక్కి తిప్పుకునే నకలు) తీసి, రీబూట్ కొట్టాను. కన్సోల్ మీద ప్యాకేజీల పేర్లు కిందికి జారుతుంటే ఇరవై నిమిషాలు కుర్చీ వదల్లేదు. లేచింది. తర్వాతి పదిహేడింటికి అంత భయం లేదు.

అసలు చిక్కులు లాగిన్ అయ్యాకే. 8లో వట్టి పైథాన్ అనే కమాండ్ ఉండదు, పైథాన్3 అనో పైథాన్2 అనో పిలవాలి. వేళకు పనులు నడిపే మా క్రాన్‌లో పాత లాగ్ ఫైళ్లు ఊడ్చే స్క్రిప్టు ఒకటి మూడు రాత్రులు సద్దుచేయకుండా చచ్చిపడి ఉంది, డిస్కు నిండాక గాని తెలియలేదు. టీఎల్ఎస్ 1.0 అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతితో మాట్లాడే ఒక పాత క్లయింటుని 8 గుమ్మం దగ్గరే ఆపేసింది. క్రిప్టో పాలసీని (ఏ ఎన్‌క్రిప్షన్‌ను ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగ్) లెగసీకి మార్చి లోపలికి రానిచ్చాను, మంచి పని కాదని తెలిసే. పేరుకి ఈఎల్7 తోక తగిలించుకుని, అంటే 7 కాలంనాటివిగా, మిగిలిపోయిన ప్యాకేజీలను ఏరడానికి ఒక రోజు పోయింది. సపోర్ట్ ఇవ్వమన్నవాళ్ల సాఫ్ట్‌వేర్ మాత్రం మారు మాట్లాడకుండా నడిచింది.

చివరికి ర్యాకులోని సర్వర్. దాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేద్దామని రాకీ 8 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు ఫైలు)తో బూట్ చేస్తే ఇన్‌స్టాలర్‌లో ఒక్క డిస్కూ కనిపించలేదు. కేబుళ్లు ఊడదీసి పెట్టాను. మళ్లీ 7తో లేపితే అన్నీ ఉన్నాయి. ఎల్ఎస్‌పీసీఐ (లోపలి కార్డుల జాబితా చూపే కమాండ్) కొట్టి చూస్తే పాత ఎల్ఎస్ఐ స్టోరేజీ కార్డు. దాన్ని నడపగల ఎంపీటీ3సాస్ డ్రైవర్ 8లోనూ ఉంది. కానీ ఏ డ్రైవరైనా తాను గుర్తుపట్టే కార్డుల నంబర్ల పట్టిక ఒకటి పెట్టుకుంటుంది, అందులోంచి పాత కార్డుల వరుసలను రెడ్ హ్యాట్ కొట్టేసింది. కార్డులో లోపం లేదు, డ్రైవరూ ఉంది, పట్టికలో పేరు లేదు. తు.చ. తప్పని నకలు కాబట్టి రాకీలోనూ లేదు.

ఈఎల్ రెపో అనే బయటి గిడ్డంగిలో విడిగా డ్రైవర్ దొరుకుతుంది. బ్యాకప్ సర్వర్‌కి కెర్నల్ మారినప్పుడల్లా ఆ బెంగ ఎందుకని వెనకాడుతూ వెతుకుతుంటే 2024 మే 6న వచ్చిన ఆల్మా 9.4 విడుదల నోట్స్ కంటపడ్డాయి. రెడ్ హ్యాట్ తీసేసిన పాత పరికరాలకు సపోర్ట్ తిరిగి చేర్చామని రాశారు, ఆ జాబితాలో ఎంపీటీ3సాస్ ఉంది. తు.చ. పట్టు వదిలేశారు గనకే వాళ్లు ఆ వరుసలు వెనక్కి పెట్టగలిగారు.

9 నడవాలంటే ప్రాసెసర్ ఎక్స్86-64-వీ2 స్థాయిలో ఉండాలి. సీపీయూ వివరాల్లో ఆ స్థాయికి గుర్తులైన ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ రెండూ కనిపించాయి. ఐఎస్ఓ పెట్టి బూట్ చేశాను. డిస్కులు వరసగా లేచి కనిపించాయి. ఓఎస్ డిస్కు ఒక్కటే చెరిపి ఇన్‌స్టాల్ చేశాను, బ్యాకప్‌ల వాల్యూమ్ తాకకుండానే మౌంట్ అయింది.

మర్నాడు మెషీన్ల షీటు తెరిస్తే పద్దెనిమిది వరుసల్లో రాకీ, ఒక్క వరుసలో ఆల్మా. ఆ వరుస చివర రిమార్కుల గడిలో మా టీమ్‌లో కుర్రాడు నేను 2023లో రాసిన వాక్యాన్నే తెచ్చి అంటించాడు, తేదీతో సహా. చెరపలేదు, అలాగే ఉంచాను.