లేహ్‌లో ఆయాసం, గాలి కూర్పు

లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఈ వేసవిలో అక్కడ మేడ మెట్లు ఎక్కుతుంటేనే ఆయాసం వచ్చినప్పుడు, ఇక్కడి గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువని తోటి ప్రయాణికులు అన్న మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. నిజానికి గాలి కూర్పు అక్కడా మారదు: తేమను పక్కన పెడితే నత్రజని 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఆర్గాన్ ఒక శాతానికి కాస్త తక్కువ. మారేది పీడనం. లేహ్‌లో అది సముద్ర తీరంలో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే కనుక, ఒక్కొక్క శ్వాసలో ఊపిరితిత్తులకు చేరే ఆక్సిజన్ అణువులూ ఆ మేరకు తగ్గుతాయి. ఆ లోటును పూడ్చుకోవడానికి శరీరం ముందు శ్వాసను, గుండె వేగాన్ని పెంచి, తర్వాత నెమ్మదిగా ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది. కొత్తగా వెళ్లినవారిని మొదట విశ్రాంతి తీసుకోమనేది ఇందుకే. ఆ సలహాను తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

ఈ 21 శాతం కూడా భూమికి పుట్టుకతో వచ్చినది కాదు. సూర్యకాంతితో నీటిని విడగొట్టగలిగిన సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల వల్ల దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం ఆక్సిజన్ గాలిలో పోగుపడటం మొదలైంది. నత్రజనిని మనం నేరుగా వాడుకోలేకపోయినా, కంది, వేరుశనగ వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా దాన్ని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. ఇక 0.04 శాతం మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీదే పంటలన్నీ ఆధారపడ్డాయి. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలలో సుమారు 280గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటడం నన్ను నిజంగా కలవరపెడుతోంది.