నడుం గుండ్రం చేయకుండా దండం

71వ ఏట నా వెన్నుపూస ఒకటి కుంగింది. నేను పడలేదు, జారలేదు. పశ్చిమోత్తానాసనంలో (కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగే ఆసనం) బొటనవేళ్లు అందుకోవాలని వీపు వంచి లాగానంతే. ఎక్స్‌రేలో ఎల్1 పూస (నడుం పూసల్లో మొదటిది) ముందువైపు ఎత్తు తగ్గిపోయి కనబడింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (పడుచువాళ్ల ఎముకలతో పోల్చి చెప్పే లెక్క) మైనస్ 3.1. మైనస్ 2.5 నుంచి కిందికి ఎంతున్నా బోలు ఎముకల జబ్బే. వీపు గుండ్రంగా వంచితే బరువంతా పూసల ముందు అంచు మీద పడుతుంది. గుల్లబారిన ఎముక అక్కడే నలుగుతుంది.

మొదటి వారాల్లో మంచం దిగడమే పెద్ద పని. మోకాళ్లు ముడిచి, భుజమూ తుంటీ ఒకేసారి పక్కకు దొర్లించి, కాళ్లు కిందికి జారవిడుస్తూ మోచేత్తో నెట్టుకుని లేవాలి. లేచాక నిమిషం కూర్చోవాలి. నిలబడిన 3 నిమిషాల్లో పై బీపీ 20 పడిపోతే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. తొమ్మిదో వారానికి నొప్పి సర్దుకుంది.

డాక్టరు సరేనన్నాక గుడి మండపంలో భజనకు మళ్లీ వెళ్లాను. బాసింపట్టు వేసుకుని గంటన్నర కదలకుండా కూర్చోవడం భక్తే కావచ్చు, వ్యాయామం మాత్రం కాదు. ఇప్పుడు చేతుల్లేని గట్టి కుర్చీలు గోడకు ఆనించి వేసుకుంటున్నాం. ప్రతి కీర్తన అయ్యాక అయిదుసార్లు లేచి కూర్చుంటాం. అంచుకు జరిగి, మడమలు మోకాళ్ల కంటే వెనక్కి పెట్టి, తుంటి దగ్గర ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబడితే బీపీ ఎగుస్తుంది. దభాలున కూలబడితే ఆ అదురు పూసకే తగులుతుంది, అందుకే మూడు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తామన్నది కొలత. 70-74 ఏళ్ల ఆడవాళ్లు 10 సార్లైనా లేవలేకపోతే కాళ్లలో బలం తక్కువన్నట్టు. నేను 6 దగ్గర మొదలెట్టి నాలుగు నెలలకు 11కు వచ్చాను.

వంగడం మాత్రం కర్రతో నేర్చుకున్నాను. పొడుగాటి కర్రను వీపున నిలువుగా పట్టుకుంటే తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, మూడు చోట్లా తగలాలి. పిరుదులు వెనక్కి నెడుతూ వంగేటప్పుడు మూడింట్లో ఏ ఒక్కటి ఊడినా వీపు గుండ్రమైనట్టే. సాష్టాంగం మానేశాను. స్తంభం పట్టుకుని ఇలాగే వంగి దండం పెడుతున్నాను. సూర్యనమస్కారంలో పాదహస్తాసనానికి (నిలబడి వంగి పాదాలు అందుకోవడం) బదులు కుర్చీ సీటు మీద చేతులు ఆనిస్తాను. నాలాంటి ఎముకలున్నవాళ్లు హలాసనం, సర్వాంగాసనం, గట్టిగా మెలితిప్పే ఆసనాల జోలికి పోకూడదు. బీపీ అదుపులో లేకపోతే ఊపిరి వేగంగా బయటికి కొట్టే కపాలభాతి కూడా వద్దు. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి నిదానంగా చేసుకోవచ్చు.

ప్రదక్షిణ కాళ్లకూ ఒంటి నిలకడకూ మంచిదే, కానీ అభిషేకం నీళ్లు ఆరాకే. తడి బండ మీద జారితే తుంటి విరుగుతుంది.

వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర (అలెండ్రోనేట్) సంగతి భజన బృందంలో చాలామందికి తెలియదు. పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా ఉండాలి. ఆలోపు పడుకున్నా, వంగినా మాత్ర పైకి తన్ని అన్నవాహిక మండిపోతుంది. నేను మాత్ర రోజు ముందు పూజ ముగించి, మాత్ర మింగి అరగంట దాటాకే ఆసనాలకు చాప పరుస్తాను.